ఈసీలో లేని పేరు

నాలుగు సెంట్ల స్థలం,
పెంకులు దించి రేకులు వేసిన రెండు గదులు,
వెనక ఒక పంపర పనస చెట్టు.
ఇరవై రెండేళ్ల జాకెట్ల కుట్టుకూలి అది.
బయానా ఇచ్చేద్దామని నేనంటే
"ఆగు, ముందు భానోజీ గారికి చూపిద్దాం" అన్నాడు మా ఆయన.

రాజోలు కోర్టు వెనక సందులో ప్లీడరు గారి గది.
కాయితాలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయరు.
చెమటలోనే చదువుతారు.

"లింకు దస్తావేజులేవి?"
ఒకదాని వెనక ఒకటి మూడు తీశాను.
పాతదాంట్లో రాత చీమల బారు,
కింద ఎవరిదో ఎడమ బొటనవేలు,
సిరా పాతబడి దాల్చినచెక్క రంగు తేలింది.
ఆ వేలి గీతలు పట్టుకుని
అరవై ఏళ్లు వెనక్కి నడిచారాయన.

"హద్దులు వినమ్మా.
తూర్పు, కొల్లాబత్తుల వారి కొబ్బరితోట.
దక్షిణం, పంచాయతీ రోడ్డు.
పడమర, పంట బోదె.
ఉత్తరం, ఏటిగట్టు."
టేపు పెట్టి కొలిచాను సార్,
బోదె వైపు మూడడుగులు తగ్గింది, అన్నాను.
నవ్వారు.
"జాకెట్టయితే కుట్టు విప్పి వదులు చేస్తావు.
స్థలానికి విప్పే కుట్టుండదు. సర్వేయరుని పిలు."

ఇక వరసపెట్టి అడిగారు:
బ్యాంకులో తాకట్టుందా? సొసైటీ అప్పు?
ఇంటిపన్ను ఎవరి పేరున కడుతున్నారు?
ఆ సందులో నడిచే హక్కు రాతలో ఉందా, ఉత్తి మాటా?
గోడ ఇద్దరిదా, ఒకరిదా?
నాకు తెలిసిన జవాబు ఒక్కటే,
వంటగది కిటికీలోంచి పొద్దుటెండ పొయ్యి మీద పడుతుంది.
అది ఆయన రాసుకోలేదు.

ముప్పై ఏళ్లకి ఈసీ తెప్పించాం.
అప్పు లేదు, జప్తు లేదు,
రెండు వరసలు, ఒక ముద్ర.
ఇంత శుభ్రమైన కాయితం నేనెరగను,
మా రేషను కార్డులో నా పేరే తప్పు.

అప్పుడు కళ్లజోడు తీసి
అమ్మేవాడి వైపు తిరిగారు.
"ఏడుకొండలూ, మీ నాన్నకి పిల్లలెందరు?"
"నేనొక్కణ్ణేనండి, ఆయ్."
"పిల్లలని అడిగాను. కొడుకులని కాదు."
ఏడుకొండలు తన చెప్పుల వంక చూసుకున్నాడు.
"ఒక అక్క. నరసాపురంలో."

సఖినేటిపల్లి రేవులో పంటెక్కాం.
మోటారు సైకిళ్ల మధ్య వాడా చివర, నేనీ చివర.
పల్లాలమ్మ అరుగు మీద లేసు అల్లుతోంది.
సంతకం అనగానే చెయ్యి ఆగలేదు,
పోగు లాగుతూనే అడిగింది,
"కొనేది ఎవరు?"
నేనే అన్నాను.
"వీడు గోదారి మాట చెప్పాడా?"
లేదు.
"నా పదో ఏట గట్టు తెగింది.
పెద్దగది గోడకి మేకుంటది చూడు,
నీళ్లు అక్కడిదాకా. గుర్తుండాలని మా నాన్న కొట్టాడు.
వీడు దానికి క్యాలెండరు తగిలించాడు."
తమ్ముడేమీ అనలేదు.
"సంతకం పెడతాను. నా వాటా నా చేతికి రావాలి.
చీర పెట్టి పంపేస్తే కుదరదు."

తిరుగు పంటులో రెయిలింగు పట్టుకుని నీళ్లనే చూశాను.
ఈసీలో దీని పేరు లేదు.
తాకట్టు రాయించుకోదు, నోటీసివ్వదు.
ప్లీడరు గారికి చెబితే చాలాసేపు ఊరుకుని
"దీనికి సెక్షను లేదమ్మా" అన్నారు.
కాసేపాగి, "ధర తగ్గించమని మాత్రం అడుగు."

పాతిక వేలు తగ్గింది.
రిజిస్ట్రేషను రోజు నా వేలిముద్ర మిషను పట్టలేదు,
సూది గుచ్చుళ్లు.
వెనకే పల్లాలమ్మదీ పట్టలేదు.
గుమాస్తా ఒకే తడిగుడ్డ ఇద్దరికీ ఇచ్చాడు.
తుడిచి, ఊది, మళ్లీ పెట్టాం.

తాళం తీసిన సాయంత్రం
క్యాలెండరు దించి మేకు ఎత్తు కొలిచాను.
నాలుగడుగుల రెండంగుళాలు.
బట్టలు గీసే సుద్దతో
పక్కనే గోడ మీద రాసి
టేపు ఆ మేకుకే తగిలించాను.